అక్కడ ఉన్నాడు: పతకాలు, అర్జీలు, కథల్లో లేని తెలుగు సిపాయి

మరణానంతరం ఇచ్చే సైనిక పతకంతో పాటు ఒక కాగితం వస్తుంది. దాన్ని సైటేషన్ అంటారు. రాష్ట్రపతి భవన్‌లో పోయినవాడి భార్యో తల్లో నిలబడి ఉండగా దాన్ని పైకి చదువుతారు. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. టీవీ కెమెరా ఆ రెండు నిమిషాలూ ఆమె ముఖం మీదే ఉంటుంది కాబట్టి, చదువుతున్న వాక్యాలు మన చెవికి పెద్దగా ఎక్కవు. కానీ అదీ ఒక రచనే. దానికీ శిల్పం ఉంది, నియమాలున్నాయి, చెప్పకుండా వదిలేసేవి ఉన్నాయి. కథనీ కవితనీ అంత పట్టి పట్టి చదివే మనం దీన్నెందుకు అలా చదవకూడదు అన్నది ఈ వ్యాసం మొదటి ప్రశ్న.

పదో పన్నెండో సైటేషన్లు వరసగా చదివితే అచ్చు తెలిసిపోతుంది. మొదట హోదా, పేరు, దళం. తర్వాత తేదీ, ఎత్తు, మంచు, చీకటి. తర్వాత శత్రువు. తర్వాత గాయం. గాయం తగిలాక "తన ప్రాణాన్ని లెక్కచేయకుండా" అన్న అర్థం వచ్చే ఒక వాక్యం తప్పదు. చివర్లో అతని త్యాగాన్ని సైన్యపు ఉన్నత సంప్రదాయాల్లో కలిపేస్తారు. అంతా ప్రథమ పురుష, అంతా భూతకాలం. భయం ఉండదు, ఆకలి ఉండదు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఉండదు. కథ సందేహం దగ్గర మొదలవుతుంది. సైటేషన్ సందేహాలన్నీ తీరిపోయాక మొదలవుతుంది. అది దాని బలం, దాని లోటు కూడా.

తెలుగువాళ్ళకి ఈ ప్రక్రియ బాగా దగ్గరగా వచ్చిన సందర్భం కల్నల్ సంతోష్ బాబుది. సూర్యాపేట మనిషి. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌గా 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చనిపోయాడు. ఆ ఘర్షణలో మొత్తం 20 మంది భారత సైనికులు పోయారు. 2021 జనవరిలో ఆయనకి మహావీరచక్ర ప్రకటించారు, ఆ నవంబరులో భార్యా తల్లీ అందుకున్నారు. పతకం ప్రకటించగానే కుటుంబం పత్రికలతో ఒక మాట అంది: సంతోషమే, కానీ పూర్తి తృప్తి లేదు, పరమవీరచక్ర వస్తుందనుకున్నాం. ఆ మాట మీద అప్పట్లో కొందరు ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఆ మాటలో దురాశ కనిపించలేదు, చదవడం వచ్చినవాళ్ళ విమర్శ కనిపించింది. పతకం అంటే గౌరవమే కాదు, తూకం కూడా. రాజ్యం ఒక చావుని తూచి, ఇది రెండో మెట్టు అని చెప్తుంది. తూకం సరిగ్గా ఉందా అని అడగడానికి కన్నవాళ్ళకి కాక ఇంకెవరికి హక్కుంటుంది? సైటేషన్‌లో సందేహానికి చోటు లేదు కాబట్టి, ఆ సందేహం కుటుంబం నోటి నుంచి రావాల్సి వచ్చింది.

అసలు చచ్చిపోయినవాడికి పతకం ఇవ్వడమన్నదే మొదట్నుంచీ ఉన్న ఆచారం కాదు. విక్టోరియా క్రాస్ 1856లో పుట్టింది. అప్పటి నిబంధనల్లో మరణానంతరం ఇచ్చే ఏర్పాటు లేదు. 1879లో జులూ యుద్ధంలో చనిపోయిన మెల్విల్, కాగ్‌హిల్ అనే ఇద్దరు లెఫ్టినెంట్లకి ఆ పతకం వచ్చింది 1907లో, 28 ఏళ్ళ తర్వాత. దాని వెనక మెల్విల్ భార్య రాజుకి పెట్టుకున్న అర్జీ ఉంది. అంటే మరణానంతర పతకమనే ఆచారం వెనక ఒక వితంతువు రాసిన కాగితం కూడా ఉందన్నమాట. మన పరమవీరచక్ర దగ్గరికి వచ్చేసరికి మరణానంతరమే మామూలైపోయింది. ఇప్పటిదాకా 21 మందికి ఇస్తే, వాళ్ళలో 14 మంది దాన్ని చూసుకోలేదు.

సైటేషన్ రాజ్యం రాసేది. అర్జీ ఇంటివాళ్ళు రాసేది. ఈ రెండో రకం రచన గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడినట్టు లేదు. నాకు దాని గురించి కొద్దిగా తెలుసు, ఎందుకంటే ఒకటి రాయాల్సి వచ్చింది.

మా అమ్మ తండ్రిది ఎలమంచిలి. రెండో ప్రపంచ యుద్ధంలో పయనీర్ దళంలో చేరి అస్సాం మీదుగా బర్మా సరిహద్దు దాకా వెళ్ళొచ్చాడు. పయనీర్ అంటే తుపాకీ పట్టినవాడు కాదు, ముఖ్యంగా పలుగూ పారా పట్టినవాడు. దార్లు వెయ్యడం, బండలు మొయ్యడం, పెట్రోలు పీపాలు దొర్లించడం. నేను ఆరో తరగతిలో ఉండగా పోయాడు. యుద్ధం గురించి మాకు చెప్పినవి రెండే సంగతులు: వాన, జలగలు. బతికినంత కాలం రాత్రి పడుకునే ముందు కాలివేళ్ళ సందులు చూసుకునేవాడు. ఎందుకు తాతా అంటే, "అలవాటురా" అనేవాడు.

నాలుగేళ్ళ కిందట మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "ఒరే, నువ్వు రాస్తావు కదా. తాత గురించి గట్టిగా రాయి. వీరచక్రో ఏదో ఒకటి రావాల. సచ్చిపోయినోళ్ళకీ ఇత్తన్నారు కదేటి?" అన్నాడు. అన్నయ్య ఊహలో ఉన్నది సైటేషన్. తాత చేతిలో తుపాకీ, ఎదురుగా జపాన్‌వాడు. నాకు తెలిసిన తాత చేతిలో ఉన్నది పార.

నిబంధనల వైపు నుంచి చూస్తే అన్నయ్య కోరిక తీరే దారే లేదు. పరమవీర, మహావీర, వీర చక్రాల్ని 1950 జనవరి 26న పెట్టారు, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేట్టు. 1944లో చేసిన పనికి అవి రావు. శౌర్య పతకానికి సిఫార్సు చెయ్యాల్సింది ఆనాటి పై అధికారి, మనవడు కాదు. బ్రిటన్ వైపు చూద్దామంటే, ఐదేళ్ళు దాటిన సేవకి కొత్తగా పతకాలు ఇవ్వరాదన్నది అక్కడ పాత నియమం. కానీ ఇంకో రకం పతకాలున్నాయి. వాటిని క్యాంపెయిన్ మెడల్స్ అంటారు. వాటికి శౌర్యంతో పనిలేదు. ఫలానా తేదీల మధ్య ఫలానా ప్రాంతంలో పనిచేస్తే చాలు. బర్మా స్టార్ అలాంటిది. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 దాకా బర్మా రంగంలో యుద్ధసేవలో ఉన్నవాళ్ళందరిదీ. బెంగాల్, అస్సాంలలో కొన్ని ప్రాంతాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆరు కొసల నక్షత్రం, మధ్యలో ఆరో జార్జి రాజు గుర్తు. రిబ్బను మధ్య ఎర్రపట్టీ కామన్వెల్త్ సేనలకి, నారింజ గీతలు సూర్యుడికి గుర్తు. 1939–45 స్టార్ ఉంది. 28 రోజుల సేవకే వచ్చే వార్ మెడల్ ఉంది. ఈ పతకాలు తయారై పంచడం మొదలయ్యేసరికి చాలామంది సిపాయిలు సేవ ముగించుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు. మా తాత వాళ్ళలో ఒకడు. అంటే ఇది కొత్తగా కోరే బిరుదు కాదు, ఇంటికి చేరని బాకీ.

ఈ తేడా అన్నయ్యకి చెప్పడానికి మూడు ఫోన్లు పట్టింది. "అయితే ఏటి, అక్కడ ఉన్నందుకేనా ఇచ్చేది?" అన్నాడు నీరసంగా. అవును, ఉన్నందుకే. అసలు చిక్కంతా ఈ క్రియాపదం దగ్గరే ఉంది. పోరాడాడు, చంపాడు, చచ్చాడు అన్నవి మనకి సాహిత్య క్రియలు. ఉన్నాడు అన్నది గుమస్తా క్రియ.

తాత ట్రంకుపెట్టెలో ఒకే కాగితం దొరికింది, ఎనిమిది మడతల డిశ్చార్జి సర్టిఫికెట్. నంబరు, పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఛాతీ కొలత, ఎడమ భుజం మీద పుట్టుమచ్చ. నడవడిక: మంచిది. విడుదలకి కారణం: సేవలు ఇక అవసరం లేనందున. ఒక మనిషి నాలుగేళ్ళ యుద్ధం మొత్తం ఇంతే. ఇంటిపేరు లేదు. ఉన్నది సింహాద్రి అప్పన్న పేరుతో మొదలయ్యే పేరు, మా వైపు ఇంటికొకడికి ఉంటుంది. ఒకప్పుడు ఎలమంచిలి అంటే సర్వసిద్ధి తాలూకా, విజగపట్నం జిల్లా. తర్వాత విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. మేం వెళ్ళిన ఒక కార్యాలయంలో మొదటి ప్రశ్న, "ఏ యలమంచిలి?" పశ్చిమ గోదావరిలో పాలకొల్లు దగ్గర ఇంకో యలమంచిలి ఉంది మరి. ఇంగ్లీషు గుమస్తా ఊరి పేరుని తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. ఆ స్పెల్లింగుకి ఇవాళ్టి ఆధార్ కార్డు స్పెల్లింగుకి పొత్తు కుదరదు. ఈ కాగితంలోని మనిషే ఆ తాత అని నిరూపించడం అర్జీలో సగం పని. ఎవరో ఒకరి గురించి కథ రాసేటప్పుడు మనం ఎప్పుడూ పడని శ్రమ ఇది: ముందు అతను ఉన్నాడని నిరూపించాలి.

ఇది మా ఇంటి బాధ మాత్రమే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో దాదాపు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో ఉన్నారు, 87 వేల మందికి పైగా చనిపోయారు. బర్మా యుద్ధంలో పోయి సమాధి కూడా లేనివాళ్ళ పేర్లు దాదాపు 27 వేలు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. అంతకు ముందు యుద్ధం సంగతి ఇంకా అన్యాయం. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్‌ని సిపాయికి వెండిలో పోశారు. చైనా, మాల్టా, భారతదేశాల నుంచి తీసుకెళ్ళిన కూలీ దళాలవాళ్ళకి అదే పతకాన్ని కంచులో పోశారు. అదే బొమ్మ, అదే రాజు, లోహం వేరు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తానే ఒక నివేదికలో ఒప్పుకుంది: మొదటి యుద్ధంలో చనిపోయిన ఆఫ్రికా, ఆసియా మనుషుల్లో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 దాకా, పేరుతో గుర్తుపెట్టుకోలేదని. పేరు దక్కడం కూడా ర్యాంకు లాంటిదే. కింద ఉన్నవాడి దాకా రాదు.

ఇప్పుడు మన వైపు తిరుగుదాం. ప్రభుత్వాలు మర్చిపోయిన ఈ మనుషుల్ని తెలుగు సాహిత్యం ఎంతవరకు గుర్తుపెట్టుకుంది? మొదటి యుద్ధం నడుస్తుండగానే, 1915లో, హిందీలో గులేరీ 'ఉస్‌నే కహా థా' రాశాడు. ఫ్రాన్స్ కందకంలో పంజాబీ సిపాయి కథ. ముల్క్ రాజ్ ఆనంద్ ఇంగ్లీషులో 'అక్రాస్ ద బ్లాక్ వాటర్స్' రాశాడు. తెలుగులో నేను చదివినంతలో ఆ స్థాయిలో నిలబడే సిపాయి నాకు తారసపడలేదు. గురజాడ పుట్టిన ఎస్. రాయవరం మా ఎలమంచిలికి పక్కనే. ఆధునిక కథ పుట్టిన గడ్డ అని గర్వంగా చెప్పుకునే ఉత్తరాంధ్ర నుంచి కూడా ఆ ఖాకీ మనిషి కథ నా చేతికి అందలేదు. అదీ 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక, రంగూన్ నుంచి నడిచొచ్చిన వాళ్ళ గుర్తు బర్మా క్యాంపు అన్న పేరుగా ఊళ్ళో నిలిచిపోయాక.

కారణాలు వెతికితే కొన్ని కనిపిస్తాయి. ఒకటి, దొరల తీర్పు. 1881 నుంచి నాలుగేళ్ళు మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కి దక్షిణాదివాళ్ళ మీద నమ్మకం లేదు. యుద్ధజాతులు, యుద్ధానికి పనికిరాని జాతులు అన్న సిద్ధాంతం బలపడి మద్రాసు దళాల్ని కోసుకుంటూ వచ్చారు. రెండో యుద్ధం మెడ మీదికి వచ్చాక మళ్ళీ మనవాళ్ళు గుర్తొచ్చారు. యుద్ధానికి పనికిరావని దొర అంటే, ఆ మాటని మనమూ కొంత నమ్మేశాం. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం అని ఊరి పేరుకే మిలటరీ తగిలించుకున్న పల్లె ఉన్నా సరే.

రెండో కారణం రాజకీయం. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా అన్నాక ఇంగ్లీషువాడి ఖాకీ వేసుకున్నవాడు జాతీయవాదికి హీరో కాలేడు. కమ్యూనిస్టులు దాన్ని ప్రజాయుద్ధం అన్నారు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదలైంది, ప్రజానాట్యమండలి వచ్చింది, బుర్రకథలు ఊరూరా తిరిగాయి. అక్కడ ఫాసిజం ఉంది, సోవియట్ ఉంది. జలగల వానలో పార పట్టుకున్న ఎలమంచిలి కూలీ మాత్రం దాదాపు లేడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆజాద్ హింద్ ఫౌజులో ఉన్నవాడు దేశభక్తుడయ్యాడు. న్యాయమే. ఎదుటి గట్టున ఉన్నవాడు ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. రెండు పక్షాల కథల్లోనూ పనికిరాని పాత్ర అతను. జీతం కోసం వెళ్ళాడు, పని చేశాడు, తిరిగొచ్చాడు. అలాంటివాణ్ణి ఏ జెండా కింద నిలబెట్టాలి?

ఆ నిశ్శబ్దాన్ని మొదటిసారి గట్టిగా బద్దలుకొట్టింది నవల కాదు, సినిమా. క్రిష్ తీసిన 'కంచె' (2015). రెండో యుద్ధంలో ఇటలీలో పోరాడే తెలుగువాడు ధూపాటి హరిబాబు, ఊళ్ళో కులం గీసిన గీతని దాటి సీతని ప్రేమించినవాడు. ఊరి కంచెనీ దేశాల మధ్య కంచెనీ ఒకే తీగగా చూపించడం ఆ సినిమా ఆలోచన. ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. తెలుగువాడు ఆ యుద్ధంలో ఉన్నాడని మన యువతరంలో చాలామందికి తెలిసింది దీనివల్లే, ఆ మేలు చిన్నది కాదు. కానీ గమనించండి, హరిబాబు చదువుకున్నవాడు, అధికారి, మాటకారి. అతని చావు ఊరికి పాఠం చెప్తుంది. అంటే అదీ ఒక సైటేషనే: స్థలం, శత్రువు, గాయం, సంప్రదాయం. చివరి వాక్యంలో సైన్యం గొప్పతనం బదులు ప్రేమ గొప్పతనం వచ్చింది. హరిబాబు చావకుండా తిరిగొచ్చి, పింఛను కోసం తిరిగి, నలభై ఏళ్ళు మాట్లాడకుండా బతికి ఉంటే 'కంచె' అతన్నేం చేసుకునేదో నాకు ఊహకి అందదు. వీరుడి కథకి చావు కావాలి. తిరిగొచ్చినవాడు కథని పాడుచేస్తాడు.

మన పాత అలవాట్లలో దీనికి వేరే దారి లేదా అంటే, కొంత ఉంది. మరణానంతర పతకం మనకి బ్రిటిష్‌వాడు నేర్పింది కాదు. తెలుగు నేల మీద వీరగల్లులు వందల ఏళ్ళుగా నిలబడి ఉన్నాయి. ఊరి పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడికీ రాయి పాతారు. కొన్ని శాసనాల్లో పోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చిన సంగతి కూడా చెక్కారు. రాతికి మెట్లు లేవు, పరమవీరం మహావీరం అని తూకం లేదు. గౌరవమూ గాసమూ ఒకే రాతి మీద ఉన్నాయి. కారెంపూడిలో ఇప్పటికీ కార్తీకంలో పల్నాటి వీరుల్ని కొలుస్తారు. వీరవిద్యావంతులు పాడతారు. అక్కడా అంతే, తిరిగొచ్చినవాడికి రాయి లేదు. కానీ ఆ రాయి ఊళ్ళో ఉంటుంది, చెరువు గట్టునో పొలం మధ్యనో, పిల్లలు ఎక్కి ఆడుకునే ఎత్తులో. ఇంటివాళ్ళు ఏ కార్యాలయానికీ వెళ్ళి తమవాడు తమవాడేనని నిరూపించుకోనక్కర్లేదు. అన్నయ్య అడిగిన పతకం వెనక ఉన్న కోరిక కూడా అసలు ఇదేనని నాకు తర్వాత అర్థమైంది. "ఊళ్ళో ఎవుడికీ తెలీదురా తాత సంగతి" అన్నాడొకసారి. అతనికి కావాల్సింది చక్రం కాదు, రాయి.

అర్జీ రాసేటప్పుడు మా ఇద్దరికీ తగువు వచ్చింది. చిత్తుప్రతిలో ఒక వాక్యం చేర్చమన్నాడు: తాత శత్రువుల కాల్పుల మధ్య గాయపడ్డ ఆఫీసర్ని మోసుకొచ్చాడని. ఎవరు చెప్పారంటే, "అలాంటిదేదో చేసే ఉంటాడు" అన్నాడు. చేసి ఉండొచ్చు కూడా. ఇంఫాల్, కోహిమా యుద్ధంలో 1944 మార్చి నుంచి జులై దాకా ఆ దార్ల మీద ఉన్న కూలీ ఎవడూ క్షేమంగా ఊరికే కూచుని లేడు. కానీ ఆ వాక్యం రాస్తే మేం మా తాతని తీసేసి ఆ చోట ఒక హీరోని పెట్టినట్టు. పార పట్టుకున్న మనిషి మాకే చాలడం లేదని ఒప్పుకున్నట్టు. కంచు పతకం పోసినవాడు చేసిన పనే మేమూ చేసినట్టు. నేను రాయనన్నాను. అన్నయ్య రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత సంతకం పెట్టి పంపాడు. ఆ అర్జీలో ముఖ్యమైన వాక్యం ఇది: పై వ్యక్తి పై తేదీల మధ్య పై ప్రాంతంలో పయనీరుగా పనిచేసి ఉన్నారు. జవాబు ఇంకా రాలేదు.

కాబట్టి నా విమర్శ సైటేషన్ మీద కాదు. అది తన పని తాను చేస్తుంది. సమస్య ఏమిటంటే మన కథలూ సినిమాలూ కూడా సైటేషన్లే రాస్తున్నాయి. గత పదేళ్ళలో సైనికుడి మీద వచ్చిన తెలుగు సినిమాల్ని గుర్తుచేసుకోండి, ఎన్నింట్లో అతను ఒక రోజంతా ఏమీ చెయ్యకుండా ఉన్నాడో లెక్కపెట్టండి. మంచి నవల ఏదన్నా ఈ విషయం మీద రావాలంటే అది పతకాల గదిలో కాక రికార్డుల గదిలో మొదలవ్వాలి. తప్పు స్పెల్లింగు, లేని ఇంటిపేరు, ఛాతీ కొలత, "సేవలు ఇక అవసరం లేనందున". విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి జిల్లాల్లో ఇలాంటి ట్రంకుపెట్టెలు ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. వాటిని తెరవగల చివరి తరం మనదే. ఆ కాగితాలు చదివి చెప్పగల ముసలమ్మలు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మీ ఇంట్లో అలాంటి కాగితం ఉంటే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళని ఏం చేశాడని అడక్కండి, ఎక్కడ ఉన్నాడని, ఏం తిన్నాడని, వానలో ఎలా పడుకున్నాడని అడగండి.

"ఉన్నాడు" అన్నది చిన్న మాటే. కానీ పోయినవాడి గురించి అబద్ధం లేకుండా చెప్పగలిగిన మాటల్లో అదొకటి. దాని మీద నిలబడే గద్యం తెలుగులో ఇంకా రావాల్సి ఉంది.